పండుటాకు రాలిందా, రాల్చారా?

అలిపిరి: "పండుటాకు ... పచ్చాకు నవ్విందట". మధ్యలో 'రాలితే'నా, 'రాలుతుంటే'నా? పాపకు బయాలజీలో అపాప్టోసిస్, అంటే కణం తనను తానే పద్ధతిగా చంపుకోవడం, చెబుతుంటే నోటికొచ్చి సగంలో ఆగిపోయింది. ఆ గ్రీకు మాట కూడా ఆకులు, రేకలు రాలడం గురించేగా, మరి తెలుగులో 'రాలు' అందామా?

పీలేరు మాస్టారు: రాలుతుంటే. అదలా ఉంచండి, ఆ 'ప్' ఎందుకు పలుకుతున్నారు? 1972లో కెర్, విల్లీ, క్యూరీ అనే శాస్త్రవేత్తలు ఈ మాట వాడిన వ్యాసంలోనే రెండో 'పి' పలకొద్దని కింద రాశారు. కనురెప్ప వాలితే డాక్టర్లు ptosis అని రాసి టోసిస్ అనరూ? అదే ఇది.

అలిపిరి: రోజుకు పదిసార్లు 'సప్తగిరి' అని పలికే ఊళ్లో 'ప్' మింగమంటే ఎట్లా సార్?

మాస్టారు: అక్కడ 'త', ఇక్కడ 'ట'.

బంగారుపాళ్యం తోట: అసలు 'రాలు' కాదబ్బా, 'రాల్చు'. మా బెంగళూరా చెట్ల కింద చూడండి. గాలివానకు తెగిన కాయ తొడిమ దగ్గర సొన కారుతుంది. చెట్టు వద్దనుకున్న పిందె శుభ్రంగా ఊడొస్తుంది. మొదటిది నెక్రోసిస్, కణం పగిలి లోపలిదంతా బయటపడి చుట్టూ వాపు. రెండోదే మీ మాట.

వర్సిటీ రోడ్డు: పోలిక బాగుంది గానీ కణాన్ని బయటినుంచి రాల్చే చెట్టు ఎక్కడిదన్నా? డీఎన్ఏ దెబ్బతింటే ఆ కణంలోనే పీ53 అనే ప్రోటీన్ పోగవుతుంది. ముందు విభజన ఆపి మరమ్మతుకు టైమిస్తుంది, కుదరకపోతే ప్యూమా, నోక్సా అనే ప్రోటీన్లను తయారు చేయిస్తుంది. అవి వెళ్లి కణాన్ని చావకుండా కాచే బీసీఎల్-2 లాంటి కాపలావాళ్ల చేతులు కట్టేస్తే, వాళ్లు ఆపి ఉంచిన బ్యాక్స్, బ్యాక్ ప్రోటీన్లు కలిసి మైటోకాండ్రియా పైపొరకు చిల్లులు పెడతాయి, లోపలున్న సైటోక్రోమ్ సీ బయటికొచ్చి కాస్పేజ్-9 అనే కోత ఎంజైమును లేపుతుంది, అది కాస్పేజ్-3ని లేపుతుంది, ఇక కోతే. ఆ కాస్పేజ్‌లు కూడా ముందునుంచీ కణంలో పడుకుని ఉన్నవే. అందుకే 'రాలు'.

బంగారుపాళ్యం తోట: మరి పక్క కణం వచ్చి పైపొర మీదుండి చావు కబురు అందుకునే ఫాస్ గ్రాహకాన్ని తట్టినా చస్తుందే, అదేంది? రాల్చడమే.

మాస్టారు: రెండూ వద్దు, 'పోవు' అనండి. అన్నమయ్య "పుట్టుటయు నిజము పోవుటయు నిజము" అన్నాడు. ఆ వెంటనే "నట్టనడిమి పని నాటకము". మీ పీ53 మరమ్మతు ఆ నట్టనడిమి పనే.

వర్సిటీ రోడ్డు: మొన్న 'కైవల్యం' చర్చకూ ఈ కీర్తనే తెచ్చారు సార్.

మాస్టారు: అందులో లేనిదేముంది?

అలిపిరి: నా సామెత? మా అమ్మ 'రాలితే' అంటోంది.

మాస్టారు: అమ్మగారిని అననివ్వండి. పాపకు మాత్రం 'ప్' వద్దని చెప్పండి.

అలిపిరి: వాళ్ల టీచరే గట్టిగా పలుకుతుంది సార్. రేపు వైవా.