విజయవాడ సింగ్ నగర్ ముంపు చూశాక ఒక ప్రశ్న: స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే డబ్బు నేరుగా బాధితులకే ఇస్తే పోదా?

పాయకాపురం వాసి:

బుడమేరు వరద నాటి నుంచీ మనసులో ఉన్న మాట ఇది. విరాళాలు ఇచ్చేవాళ్లూ, సంస్థల్లో పనిచేసేవాళ్లూ ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. డైవర్షన్ కాలువకు గండ్లు పడి నీళ్లు మా మీదకు వచ్చేశాయి. సాయం రాలేదని నేను అనను. వచ్చింది, బోలెడంత వచ్చింది. అందులో చాలా భాగం సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాటి లోపలికి రాలేదు. ఫ్లైఓవర్ దగ్గర పులిహోర పొట్లాలు, బిస్కెట్లు, వాటర్ ప్యాకెట్లు గుట్టలుగా పడి ఉంటే, లోపలి సందుల్లో డాబాలెక్కి కూర్చున్నవాళ్లకు తాగడానికి నీళ్లు లేవు. పడవ ఉన్నవాడు కూడా మొదటి రెండు వీధుల్లోనే పంచేసి వెనక్కి తిరిగేవాడు.

నీళ్లు తీశాక కూడా అంతే. మెయిన్ రోడ్డు మీది ఇళ్లకు దుప్పట్ల మీద దుప్పట్లు. మాకు కావలసింది బురద ఎత్తిపోసే మనిషి, స్టవ్, తడిసి ముద్దయిన పిల్లల సర్టిఫికెట్లకు డూప్లికేట్లు ఇప్పించే నాథుడు. మా వెనక వీధిలో ఒకావిడ జాకెట్లు కుట్టి బతుకుతుంది. మిషను మోటారులోకి బురద నీళ్లు వెళ్లి కాలిపోయింది. ఆమెకు దుప్పట్లు ఇచ్చారు, ఫొటో తీసుకున్నారు. మోటారు సంగతి ఎవరూ అడగలేదు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం వేసిన 25,000 రూపాయలు ఖాతాలో పడ్డాకే ఆమె మళ్లీ పని మొదలుపెట్టింది.

అందుకే అంటున్నాను, ఎవరికి ఏం కావాలో వాళ్లకే తెలుసు. డబ్బు వాళ్ల చేతికిచ్చేయండి. మధ్యలో సంస్థ ఎందుకు, దానికో ఆఫీసు, బ్యానరు ఎందుకు?

అరండల్‌పేట, గుంటూరు:

అన్నా, మీరు చెప్పిన కుట్టుమిషను మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ వరదలో దుప్పట్లు పంచినవాళ్లను చూసి స్వచ్ఛంద సంస్థలన్నీ ఇంతే అంటే నేను ఒప్పుకోను.

నేను కొన్నేళ్లు గుంటూరులో హెచ్ఐవీ ప్రాజెక్టులో ఫీల్డులో పనిచేశాను. అప్పట్లో మన జిల్లా పేరు చెబితేనే ఎయిడ్స్ గుర్తొచ్చేది. మిర్చి యార్డుకు దేశం నలుమూలల నుంచి లారీలు వస్తాయి, పక్కనే హైవే, దాని వెంట దాబాలు, లాడ్జీలు. సెక్స్ వర్కర్ల దగ్గరికి ఏ ప్రభుత్వ ఉద్యోగి వెళ్లి మాట్లాడగలడు? వాళ్లు పెద్దాసుపత్రికి వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలన్నా భయమే. కౌంటర్ దగ్గర గట్టిగా ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఇంకోసారి ఆ గడప తొక్కేవాళ్లు కాదు. ఆ ప్రాజెక్టులో వాళ్లలోంచే కొందరిని ఎంచి, పీర్ ఎడ్యుకేటర్లుగా జీతమిచ్చి పెట్టుకున్నారు. బస్టాండు వెనక ఏ సమయానికి ఎవరు ఉంటారో, ఎవరికి జ్వరం తగ్గడం లేదో, ఎవరిని పోలీసులు తీసుకెళ్లారో వాళ్లకు తెలుసు. పరీక్షకు చేయి పట్టుకుని తీసుకెళ్లేది వాళ్లే, రిపోర్టు వచ్చేదాకా పక్కన కూర్చునేది వాళ్లే.

గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2003లో మొదలైన అవాహన్ కార్యక్రమం మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో ఇలాగే నడిచింది. మొదటి ఐదేళ్లలో సుమారు లక్ష మందికి వ్యాధి సోకకుండా ఆపగలిగిందని 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అంచనా వచ్చింది. లక్ష మంది! ఈ పని ఖాతాలో డబ్బు వేస్తే జరిగేది కాదు. వాళ్లలో చాలామందికి అప్పుడు ఖాతాలే లేవు, రేషన్ కార్డులు కూడా లేవు.

గవర్నర్‌పేట ఆడిటర్:

ఆఫీసు, జీతాలు ఎందుకని పాయకాపురం వారు అడిగారు. సంస్థల లెక్కలు చూసేవాడిగా ఒక మాట చెప్పాలి.

విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. అంతకుముందు వచ్చిన డబ్బులో సగం వరకు పరిపాలనా ఖర్చులకు వాడుకునే వీలుండేది, దాన్ని 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధుల్లోంచి చిన్న సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా ఆపేశారు. మొదటిది వినడానికి బాగానే ఉంటుంది. రెండోది నేలమీద పనిచేసేవాళ్ల నడుం విరిచింది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో నడిచే చిన్న సంస్థ విదేశీ దాతను సొంతంగా వెతుక్కోలేదు, ఇంగ్లీషులో ప్రపోజల్ రాసుకోలేదు. పెద్ద సంస్థ ద్వారానే దానికి నిధులొచ్చేవి. అరండల్‌పేట వారు చెప్పిన లాంటి పనులు చేసేది ఎక్కువగా ఆ చిన్నవాళ్లే.

జీతాలు తక్కువైతే సంస్థ మంచిదని అనుకోవడం దాతల్లో పాతుకుపోయిన పొరపాటు. దుప్పట్లు పంచడానికి జీతం అక్కర్లేదు, ఆదివారం నలుగురు కుర్రాళ్లు చాలు. ఎవరికి ఏది అవసరమో ఇల్లిల్లూ తిరిగి రాసుకోవడానికి మాత్రం జీతగాడు కావాలి. ఆ ఖర్చుకు ఎవరూ డబ్బివ్వరు. ఆ కుట్టుమిషను మోటారు ఎవరి కంటా పడకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

పొదుపు సంఘం అక్క, గుంటూరు:

ఇక్కడ ఎవరూ అప్పుల సంగతి ఎత్తలేదేం? పేద ఆడవాళ్లను పైకి తెస్తామని స్వచ్ఛంద సంస్థలుగా మొదలైనవే తర్వాత చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలయ్యాయి. వారం వారం వాయిదా. ఒకామె కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లను ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టేవాళ్లు. సొంత పక్కింటివాళ్లే తిట్టేలా చేసేవాళ్లు. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఇలాంటి బ్రాంచీలు సుమారు యాభై మూయించారు. 2010 అక్టోబరులో ఏకంగా ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది.

సేవ పేరుతో వచ్చినవాళ్లు మాకు ఎప్పుడూ లెక్క చెప్పలేదు. పైన పెట్టుబడి పెట్టినవాళ్లకు చెప్పారు. నాకున్న కోపమంతా దీని మీదే.

మంగళగిరి టీచర్:

అక్కా, అసలు విషయం మీరే పట్టుకున్నారు. హైదరాబాద్ బస్తీల్లో ఇలాంటి రుణాల మీద ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. కొందరి వ్యాపారాలు కాస్త పెరిగాయి కానీ, పిల్లల చదువులోనూ ఆడవాళ్ల మాట చెల్లుబాటులోనూ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదని తేలింది.

దీనికి పూర్తి భిన్నమైనది బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన పని. 1980 నుంచి పదేళ్లలో కోటి ఇరవై లక్షల ఇళ్లకు వెళ్లి, విరేచనాలైన పిల్లలకు ఇంట్లోనే నీళ్లు కలిపి పట్టడం తల్లులకు నేర్పారు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర లీటరు నీళ్లు. నన్ను కదిలించింది వాళ్ల జీతాల పద్ధతి. నేర్పిన అమ్మాయి వెళ్లిపోయిన తర్వాత ఇంకొకరు వచ్చి కొన్ని ఇళ్లలో తల్లులను అడిగేవారు, నీళ్లు కలిపి చూపించమనేవారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పిన అమ్మాయికి అంత జీతం. ఎన్ని ఇళ్లు తిరిగావన్న లెక్క కాదు. అంటే ఆ సంస్థ పని బాగుందో లేదో చెప్పింది చదువురాని పల్లెటూరి తల్లి.

అలాగని సంస్థలు చేసి చూపించినవన్నీ ప్రభుత్వం అందుకుంటే చాలనుకోవడానికీ లేదు. కెన్యాలో కాంట్రాక్టు టీచర్లను పెట్టే పథకాన్ని స్వచ్ఛంద సంస్థ నడిపిన బళ్లలో పిల్లల చదువు మెరుగైంది. అదే పథకాన్ని అక్కడి ప్రభుత్వం నడిపిన బళ్లలో ఏ మార్పూ రాలేదు. బడిలో పనిచేసేదాన్ని కాబట్టి ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. జీతం సకాలంలో రాకపోతే, తనిఖీకి ఎవరూ రాకపోతే కాగితం మీది పథకం ఒకటే అయినా బడిలో జరిగేది వేరు.

పాయకాపురం వాసి:

అందరివీ చదివాను. హెచ్ఐవీ పని డబ్బు చేతికిస్తే జరగదన్నది ఒప్పుకుంటాను. వరద విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ముంపు వచ్చినప్పుడు సామాను కాదు, డబ్బు ఇవ్వాలి. సంస్థకు ఓపిక ఉంటే ఆ డబ్బు అందనివాళ్లను వెతకాలి. మా వీధిలో అద్దెకుండేవాళ్ల పేర్లు జాబితాలో ఎక్కక ఎంత గొడవ అయిందో చూశాను. ఇంటి ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు, మునిగింది అద్దెవాళ్ల సామాను. వాళ్ల అర్జీ రాసిపెట్టి, వార్డు సచివాలయానికి వెంటబెట్టుకు వెళ్లిన సంస్థ ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. అలాంటి సంస్థకైతే నేనే నెలనెలా చందా ఇస్తాను.

ఇంకో మాట. ఈసారి వానలకు ముందే వీధివారీగా జాబితా రాసిపెట్టుకోవాలి. మంచాన పడ్డవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, బాలింతలు, అద్దెవాళ్లు. సాయానికి వచ్చే ఏ సంస్థయినా ఫ్లైఓవర్ దగ్గర ఆ జాబితా తీసుకునే లోపలికి రావాలి.

అరండల్‌పేట, గుంటూరు:

చందా మాట గుర్తుపెట్టుకుంటా అన్నా, అలాంటివాళ్లు నాకు తెలుసు. జాబితా బాగుంది, ఎవరి దగ్గర ఉంచుతారు? సచివాలయంలోనే ఉంటే మళ్లీ అద్దెవాళ్లు జారిపోతారు.

పొదుపు సంఘం అక్క, గుంటూరు:

మీ వీధి పొదుపు సంఘాల దగ్గర ఉంచండి తమ్ముడూ. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు కొత్తగా అద్దెకు దిగారో సంఘం మీటింగులో అందరికంటే ముందు తెలుస్తుంది. మూడు నెలలకోసారి పేర్లు చదివి దిద్దుకోమనండి. ఒక కాపీ సచివాలయంలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.