కేంద్రం ఇచ్చే రూల్స్ ఏటా ఎన్ని? గెజిట్ నుంచి లెక్క తీయడమెలా?

ప్రశ్న: చట్టాల కింద కేంద్ర మంత్రిత్వ శాఖలు ఇచ్చే రూల్స్ ఏటేటా పెరుగుతున్నాయో లేదో చూడాలి. గెజిట్‌లో రూల్స్ నోటిఫికేషన్లకు వరసగా వేసే జీఎస్ఆర్ నంబర్లలో ఏడాది ఆఖరిది తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. ముసాయిదాకూ నంబరు పడుతుంది, తుది రూల్స్‌కూ పడుతుంది. వ్యక్తిగత డేటా రక్షణ రూల్స్ ముసాయిదా 2025 జనవరి 3న జీఎస్ఆర్ 02(ఇ)గా వచ్చింది. తుది రూల్స్ అదే ఏడాది నవంబరులో వేరే నంబరుతో వచ్చాయి. అచ్చుతప్పులు దిద్దే కొరిజెండం కూడా ఒక నంబరు తినేస్తుంది. జీఎస్టీ రేటు మారిందంటే సీజీఎస్టీ (కేంద్ర), ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర), యూటీజీఎస్టీ (కేంద్రపాలిత ప్రాంతాల) చట్టాల కింద విడివిడిగా నోటిఫికేషన్లు ఇస్తారు. విషయం ఒక్కటే, నంబర్లు మూడు. జీఎస్టీ వచ్చిన 2017 తర్వాత సంఖ్య ఎగబాకినట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

బ్రాకెట్లో (ఇ) ఉన్నవి అసాధారణ గెజిట్‌వి, అంటే వారపు సంచిక కోసం ఆగకుండా అప్పటికప్పుడు వేసేవి. అది లేనివి వారపు గెజిట్‌వి, వాటి వరస వేరు. రెండూ ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి కలిపేయకండి.

ఈ-గెజిట్ సైటులో పార్ట్ 2, సెక్షన్ 3, సబ్ సెక్షన్ (1) ఎంచుకుని నెలనెలా దింపుకోండి. ప్రతి దానికీ పట్టికలో తేదీ, మాతృచట్టం (రూల్స్ ఏ చట్టం కింద వచ్చాయో అది), సెక్షన్, రకం (కొత్త రూల్స్, సవరణ, ముసాయిదా, కొరిజెండం), ఇంగ్లిష్ పేజీల సంఖ్య రాసుకోండి. మాతృచట్టం మొదటి పేరాలోనే ఉంటుంది. అక్కడ రాజ్యాంగం 309వ అధికరణం కనిపిస్తే అవి ఉద్యోగ నియామక రూల్స్; ఏ చట్టం కిందా రావు, పక్కన పెట్టండి.

మరొకరి జవాబు: పేజీలు లెక్కించేటప్పుడు హిందీ ప్రతి, ఇంగ్లిష్ ప్రతి ఒకే ఫైల్లో ఉంటాయని మరవకండి. మొత్తం పేజీలు వేసుకుంటే ఇంచుమించు రెట్టింపు వస్తుంది. అయినా నా ఓటు పేజీలకే: ఒక్క ముక్క మార్చే సవరణా, వంద పేజీల రూల్సూ నంబర్లలో సమానం!

ప్రశ్న: మరి ఎస్ఓ (చట్టబద్ధ ఉత్తర్వుల) నంబర్లు? అవి ఇంకా చాలా ఎక్కువున్నాయి.

జవాబు: అవి సబ్ సెక్షన్ (2)లోవి. జాతీయ రహదారుల చట్టం 3ఎ, 3డి సెక్షన్ల కింద భూసేకరణ నోటిఫికేషన్లు అక్కడే వస్తాయి. గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం... పేజీలకు పేజీలు. రోడ్ల పని జోరందుకుంటే ఎస్ఓ సంఖ్య ఉబ్బుతుంది, అందరికీ వర్తించే రూలు ఒక్కటీ పెరగకపోయినా. వాటిని ముందే తీసేయండి. సెబీ, ట్రాయ్ వంటి సంస్థల రెగ్యులేషన్లు కావాలంటే పార్ట్ 3, సెక్షన్ 4 చూడాలి. అవి వదిలేసి "రూల్స్ తగ్గాయి" అంటే తప్పుడు లెక్కే.

ప్రశ్న: 1950ల దాకా వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు గానీ ఒకే గీతలో కలపకండి. అప్పట్లో ఎస్ఆర్ఓ (చట్టబద్ధ రూల్స్, ఉత్తర్వుల) నంబర్లు ఉండేవి. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక రూల్స్ ఎస్ఆర్ఓ 2106. ఇప్పుడు ఎస్ఆర్ఓ రక్షణ శాఖ వరస, పార్ట్ 2, సెక్షన్ 4లో ఉంటుంది. పాత సంచికలు చాలావరకు స్కాన్ బొమ్మలే. మాట కొట్టి వెతికితే దొరకదు, కళ్లతో చదవాల్సిందే.

సరిచూసుకోవడానికి లోక్‌సభ బల్లపై పెట్టిన పత్రాల జాబితా పనికొస్తుంది. ముసాయిదాలు సభ ముందుకు రావు కాబట్టి వాటిని పొరపాటున లెక్కేసి ఉంటే అక్కడ బయటపడుతుంది. అయితే గెజిట్‌కూ సభకూ మధ్య నెలల ఆలస్యం ఉండొచ్చు, తర్వాతి సమావేశాల జాబితాలు కూడా తిరగేయండి.