పెరట్లో పాత గచ్చు పగలగొట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మామిడినీడ (ఉప్పల్):
అందరికీ నమస్కారం. ఇంటి వెనక ఇరవై అడుగులకి పదిహేను అడుగుల జాగా ఉంది. బురద పడలేక నాన్నగారు 1998లో మొత్తం గచ్చు చేయించారు. మధ్యలో మామిడిచెట్టు, దాని మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా లేదు. వానపడితే నీళ్ళన్నీ గేటు దాటి రోడ్డు మీదికే పోతున్నాయి, ఎండాకాలం వస్తే బోరు పావుగంట కూడా పోయదు. అందుకే గచ్చు తీసేసి మట్టి చేద్దామనుకుంటున్నా. అంచు దగ్గర నాలుగంగుళాల మందం కనిపిస్తోంది. రెండు ఆదివారాలు మధ్యలో సమ్మెటతో కొడితే తెల్లటి మచ్చలు పడ్డాయి తప్ప బీట కూడా రాలేదు. ప్రహరీ పక్కింటివాళ్ళకీ మాకూ ఉమ్మడి, అదురుకి అది ఎక్కడ పగులుతుందోనని టెన్షన్. బ్రేకర్ (కరెంటుతో గచ్చు పగలగొట్టే మెషీన్) అద్దెకి తెచ్చుకోవాలా, కూలీలకి అప్పజెప్పాలా?

మేస్త్రీగారబ్బాయి:
మధ్యలో కొడితే పగలదండీ. కింద మట్టి ఆనుకుని ఉంటుంది కదా, దెబ్బంతా అందులోకే పోతుంది. కాంక్రీటు ఎంత బరువైనా మోస్తుంది కానీ వంగితే ఆగలేదు, మీరు చేయాల్సింది దాన్ని వంచడం. ఒక అంచు పక్కన జానెడు వెడల్పు మట్టి తవ్వి, గడ్డపార గచ్చు కిందికి దూర్చి, గడ్డపార కింద ఒక రాయి పెట్టి ఒకరు నొక్కి పట్టుకోవాలి. రెండు వేళ్ళ సందు వచ్చినా చాలు, ఆ సందులో చిన్న రాయి పెట్టేసి అంచుకి అరడుగు లోపల సమ్మెట వేయండి. చప్పుడు వినండి. కంగుమని మోగుతున్నంతసేపూ గట్టిగా ఉన్నట్టు, మోత చచ్చిపోయి మొద్దుగా వినిపించిందంటే లోపల బీట వచ్చేసినట్టే, ఇంకొక్క దెబ్బ చాలు. మా నాన్న కళ్ళతో కాదు, చెవులతోనే పగలగొట్టేవాడు.

మీ జాగాకి పదిహేను, పదహారు కిలోల బ్రేకర్ ఒక్కరోజు అద్దెకి తెచ్చుకుంటే సరిపోతుంది. దాన్నీ అంచు నుంచే వాడండి, పైన పడి నొక్కకండి, దాని బరువే పని చేస్తుంది. లోతుగా దింపేస్తే ఉలి ఇరుక్కుని అరగంట పోతుంది. ప్రహరీ పొడవునా అడుగు దూరంలో ముందు కటింగ్ మెషీన్‌తో గీత కోయించండి, అప్పుడు అదురు గోడకి అంతగా పోదు. చెట్టు మొదలు చుట్టూ రెండడుగుల దాకా బ్రేకర్ వద్దు, ఉలీ సుత్తీ పట్టుకుని ఓపిగ్గా చేయండి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. ఇంటి గోడని ఆనుకుని ఉన్న గచ్చు ముట్టుకోకండి, కనీసం రెండున్నర అడుగులు అలాగే ఉంచండి. వాన నీళ్ళు పునాది దగ్గర దిగకుండా కాపాడేది అదే. అందరూ మోజుగా మొత్తం పీకేసి, తరవాత గోడకి చెమ్మ ఎక్కుతోందని బాధపడతారు.

పెరటితోట (రాజమండ్రి):
అన్నయ్యగారూ, కొట్టేముందు కింద ఏముందో చూసుకోండి. మా ఇంట్లో కూలీలకి అప్పజెప్పి మేం బజారుకి వెళ్ళాం. బాత్రూమ్ నీళ్ళ పైపు గచ్చుకి బెత్తెడు కిందే ఉంది, బ్రేకర్ ఉలి దాన్ని చీల్చేసింది, వాళ్ళు పైన మట్టి కప్పేసి వెళ్ళిపోయారు. మూడోరోజుకి వాసన వస్తే కానీ మాకు తెలియలేదు. మీరు చాంబర్ మూతలన్నీ తీసి, ఒకదాని నుంచి ఇంకోదానికి సుద్దతో గీత గీసుకోండి. మీటరు దగ్గరి నుంచి భూమిలోకి దిగే ఎర్తింగ్ తీగ, బోరు కేబుల్ కూడా గుర్తు పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకు, సంపు పైకప్పులో ఊచలుంటాయి, కింద బోలుగా ఉంటుంది, వాటి జోలికి అస్సలు వెళ్ళకండి.

దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అందులో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది తిరిగి రాదు. చేతిరుమాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు, కళ్ళజోడు పెట్టుకోండి, కూలీలకీ మీరే కొని ఇవ్వండి. ముందురోజు రాత్రే గచ్చు బాగా తడపండి. పొద్దున నీళ్ళు నిలవ ఉంటే తుడిచేసి మరీ ప్లగ్గు పెట్టండి.

ఎర్రమట్టి:
పెళ్ళల లెక్క ఎవరూ చెప్పలేదు. మూడువందల చదరపు అడుగులు, నాలుగంగుళాలు అంటే వంద ఘనపుటడుగులు, బరువు ఏడు టన్నులకి కాస్త తక్కువ. పగిలాక పరిమాణం ఇంకో సగం పెరుగుతుంది. రెండు ట్రాక్టర్లు అనుకోండి. నాలాలోనో ఖాళీ ప్లాట్లోనో పోయించకండి, నిబంధనల ప్రకారం అది తప్పు, పైగా వానకి మన కాలనీలే మునుగుతాయి. ఉప్పల్ వైపు వాళ్ళకి ఫతుల్లాగూడలో కూల్చివేత వ్యర్థాల ప్లాంటు దగ్గర. చదునుగా వచ్చిన పెళ్ళలు కొన్ని ఉంచుకుని, నడిచేదారికి మట్టిలో పరుచుకోండి.

రంధ్రాల్లో పోస్తే పగిలే పౌడర్ అని ఎవరైనా చెబితే వద్దు. అది లోతైన పునాదులకీ బండలకీ పనికొస్తుంది. నాలుగంగుళాల గచ్చులో దానికి లోతు చాలదు, ఒక్కోసారి పైకి చిమ్మి కళ్ళలో పడుతుంది.

తీసేశాక నేల వెంటనే నీళ్ళు తాగుతుందని అనుకోవద్దు. కింద మొరం దిమ్మిస కొట్టి ఉంటుంది. అడుగు లోతు గునపంతో గుల్ల చేసి, సిమెంటు నలుసులు ఏరేసి, పశువుల ఎరువు కలపండి. చెట్టు దగ్గర మాత్రం లోతుగా తవ్వకండి, వేళ్ళు తెగుతాయి.

మామిడినీడ:
అందరికీ చాలా థాంక్స్. చాంబర్ మూతలు తీసి గీతలు గీశా, పైపు సరిగ్గా నేను సమ్మెట వేసిన చోటికి మూరెడు దూరంలో ఉంది! ఇంటి గోడ పక్కన మూడడుగులు వదిలేస్తున్నా. నిన్న సాయంత్రం తమ్ముడు గడ్డపార పట్టాడు, గేటు మూల నుంచి మొదలుపెట్టాం. నాలుగో దెబ్బకి మోత మారింది, ఆరో దెబ్బకి తలుపు రెక్కంత పెళ్ళ విడిపోయింది. తిరగేసి చూస్తే అడుగున మామిడి వేర్లు, దారాల్లా సన్నగా, సిమెంటుకి అంటుకుపోయి ఉన్నాయి. తడి గోనె కప్పి ఉంచా. పెద్ద వేళ్ళు పైకి తేలితే వాటి మీద మట్టి ఎంత మందం వేయవచ్చో, ఎర్రమట్టి గారూ, కాస్త చెప్పండి.

ఎర్రమట్టి:
రెండు, మూడంగుళాలు చాలు. మొదలు బెరడుకి మాత్రం మట్టి తగలనివ్వకండి. గోనె ఎండిపోకుండా రేపటిదాకా తడుపుతూ ఉండండి.