చీకటి కథకి చివర్లో దీపం పెట్టాల్సిందేనా?

కనిగిరి కుర్రాడు:
మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళ మీద ఒక కథ రాశా. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు గానీ మా బోర్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నడుం వంగిపోయిన తాత, పళ్ళకి పట్టిన గార కనపడుద్దని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనవరాలు, పనికి హైదరాబాద్ పోయిన కొడుకు, అంతే కథ. చదివిన ఫ్రెండేమో మరీ చీకటిగా ఉంది, చివర్లో కొంచెం ఆశ పెట్టు అన్నాడు. ఏం పెట్టాలి, మంచినీళ్ళ ట్యాంకర్ రప్పించాలా?

నెల్లూరు పాఠకురాలు:
ట్యాంకర్ వద్దులే తమ్ముడూ. మా అమ్మమ్మది దూబగుంట దగ్గరి పల్లె. రాత్రి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద ఎట్లా తిరగబడ్డారో చెప్పేటప్పుడు, మొగుళ్ళు కొట్టిన దెబ్బల గురించీ, చీపుర్లు చూసి పంచె ఎగ్గట్టి పరిగెత్తిన సారా కొట్టువాడి గురించీ ఒకే గుక్కలో చెప్పేది, మేం ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది కదా, ఆ మాట మాత్రం ఆమె ఎప్పుడూ చెప్పలా. మీ కథలో ఎవరన్నా ఒక్కసారి నవ్వారా?

ఒంగోలు మాస్టారు:
మన చీమకుర్తి గెలాక్సీ రాయి చూడండి. నల్లరాయిలో బంగారు చుక్కలు. ఎవరూ అద్దినవి కావు, రాయిలోనే ఉంటాయి. కథా అంతే.

చీమకుర్తి:
మాస్టారూ, ఆ చుక్కలు మీకు షోరూంలో కనపడతయ్. క్వారీలో దిగినోడికి కనపడేది దుమ్ము. నన్నడిగితే కథ అట్లానే ఉంచు బ్రదర్, చదివినోడికి నిద్ర పట్టకపోతే పోనీ.

ఒంగోలు మాస్టారు:
ఒప్పుకున్నా. పోలిక తొందరపడి వాడా.

కనిగిరి కుర్రాడు:
అక్కా, మీరడిగింది రాత్రంతా బుర్రలో తిరిగింది. నిజానికి తాత ఒక మాట అంటాడు, "రోడ్డు మీద రూపాయి పడితే ముందు నాకే కనపడుద్దిరా" అని. బరువు తగ్గుద్దని నేనే కొట్టేశా. మళ్ళీ పెడతా. ముగింపు మాత్రం మార్చను.

నెల్లూరు పాఠకురాలు:
మార్చొద్దు. ఆ రూపాయి మాట మాత్రం మనవరాలి ముందర అనిపించు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోతుందేమో చూద్దాం.