13 నాణేలు, 3 తూకాలు: కీ తప్పా, ప్రశ్న తప్పా?

కొత్తపేట కుర్రాడు:
విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్ రీజనింగ్ టెస్టులో వచ్చిన బిట్టు. చూడ్డానికి ఒకేలా ఉన్న నాణేల్లో ఒకటి నకిలీ. అసలువాటికంటే బరువో తేలికో తెలీదు. రెండు పళ్లేల త్రాసు మీద మూడే తూకాల్లో నకిలీని పట్టుకోవాలంటే గరిష్ఠంగా ఎన్ని నాణేలుండొచ్చు? ఆప్షన్లు 9, 12, 13, 27. నేను 12 పెట్టా. కీలో 13 ఉంది, నెగెటివ్ పడింది. అబ్జెక్షన్ పెట్టొచ్చా?

సత్యనారాయణపురం:
పెట్టు. కీ తప్పే. ఒక్కో తూకానికి మూడు ఫలితాలు: ఎడమ దిగుతుంది, కుడి దిగుతుంది, సమానంగా నిలుస్తుంది. మూడు తూకాలకు 27. 13 నాణేల్లో ఏదైనా బరువు కావచ్చు, తేలిక కావచ్చు, అంటే 26 అవకాశాలు. 27లో 26 ఇమిడిపోతాయనుకుంటే పొరపాటు, దెబ్బ మొదటి తూకంలోనే పడుతుంది. 4కి 4 వేసి సమానమైతే బయట 5 ఉంటాయి, 10 అవకాశాలు. మిగిలిన రెండు తూకాలకు ఫలితాలు 9 మాత్రమే. 5కి 5 వేసి మొగ్గితే మళ్లీ 10. రెండు వైపులా సమాన సంఖ్యలోనే వెయ్యాలి కాబట్టి మధ్యలో ఇంకో దారి లేదు. 1946లో ఫ్రీమన్ డైసన్ ఈ లెక్కను ఎన్ని తూకాలకైనా తేల్చాడు: 3ను తూకాలసార్లు హెచ్చించి, 3 తీసేసి, సగం చెయ్యాలి. 27లో 3 పోతే 24, సగం 12.

తెనాలి తక్కెడ:
13తో చేసి చూపిస్తా, తప్పెక్కడో చెప్పండి.
1, 2, 3, 4 ఒక పళ్లెంలో, 5, 6, 7, 8 రెండో పళ్లెంలో. ఎడమ దిగిందనుకోండి. 1-4లో ఒకటి బరువు, లేదా 5-8లో ఒకటి తేలిక. రెండో తూకం: 1, 2, 5 ఒకవైపు, 3, 4, 6 ఇంకోవైపు. మళ్లీ ఎడమే దిగితే 1 బరువు, 2 బరువు, 6 తేలిక, ఈ మూడే మిగులుతాయి. 1ని 2తో తూస్తే తేలిపోతుంది, సమానమైతే 6. కుడి దిగితే 3, 4, 5 మిగులుతాయి, 3ని 4తో తూచండి. సమానమైతే 7, 8 మిగులుతాయి, వాటిని ఒకదానితో ఒకటి తూస్తే పైకి లేచింది నకిలీ. చాలామంది ఇక్కడే తప్పుతారు: రెండో తూకంలో 5ను అటు నుంచి ఇటు మార్చకుండా 1-4నే తూచి, మూడోదానికి నాలుగు మిగుల్చుకుంటారు.
మొదటి తూకం సమానమైతే 1-8 మంచివి. 9, 10, 11ను మూడు మంచివాటితో తూచండి. మొగ్గితే బరువో తేలికో తెలిసింది, 9ని 10తో తూచండి. సమానమైతే 12ను 1తో. అదీ సమానమైతే 13 నకిలీ. అయిపోయింది.

మిర్చి యార్డు:
ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే అంకె కనిపిస్తుంది కదండీ, ఇంత అవసరమా?

తెనాలి తక్కెడ:
కాటా అయితే లెక్కే మారిపోతుంది. ఇక్కడ ఏ వైపు దిగిందో తప్ప ఇంకేమీ తెలీదు.

సత్యనారాయణపురం:
మీ 13వ నాణెం త్రాసు ఎక్కనే లేదు. అది బరువా, తేలికా? చెప్పండి.

తెనాలి తక్కెడ:
ఎవరడిగారండీ? ప్రశ్నలో "పట్టుకోవాలంటే" అని ఉంది. పట్టుకున్నాను.

సత్యనారాయణపురం:
అదే అడ్డదారి. తూచకుండా మిగిలినదాన్ని వేలెత్తి చూపించి లెక్క చేశానంటారా? ఇలాంటి కీల వల్లే మా పిల్లలు మార్కులు పోగొట్టుకుంటున్నారు. పాతికమందికి ఇదే బిట్టు 12 అని నేర్పించా, ఇప్పుడు వాళ్లకేం చెప్పను?

తెనాలి తక్కెడ:
నేర్పింది 12 కాబట్టి కీ తప్పంటే ఎలా? ప్రశ్నలో లేని షరతు మీరు తెచ్చి కలుపుతున్నారు. బరువో తేలికో కూడా తేల్చమంటే 12, ఒప్పుకుంటా. డైసన్ సూత్రం ఆ ప్రశ్నకే. ఇది ఆ ప్రశ్న కాదు.

బ్రాడీపేట మాస్టారు:
ఇద్దరూ ఆగండి. 13 కుదురుతుందని తక్కెడ గారు చూపించారు. కానీ "గరిష్ఠంగా" అని అడిగినప్పుడు 14 ఎందుకు కుదరదో కూడా చెప్పాలి, అది ఎవరూ చెప్పలేదు. మొగ్గితే పళ్లేల్లోని ప్రతి నాణేనికీ ఒక్కో అవకాశమే ఉంటుంది. మిగిలిన ఫలితాలు 9, నాణేలు సరిసంఖ్యలో ఉండాలి, కాబట్టి 8కి మించకూడదు. సమానమైతే బయటవాటికి రెండు తూకాలు, చేతిలో మంచి నాణేలు. అందులో రెండో తూకానికి 3కి మించి ఎక్కించలేం, మొగ్గితే ఒక్క తూకంలో మూడే తేలతాయి. ఎక్కించకుండా ఉంచినవి 2కి మించకూడదు, ఒకటి మంచిదానితో తూచి, సమానమైతే రెండోది. 3, 2 కలిపి 5. 8, 5 కలిపి 13. 14కు చోటు లేదు.

సత్యనారాయణపురం:
లెక్క కాదనను మాస్టారూ. నా అభ్యంతరం వేరు. నకిలీ ఏదో చెప్పి, అది ఎలా నకిలీయో చెప్పలేని పిల్లాడికి లెక్క అర్థమైందని నేననుకోను. పరీక్ష అడగాల్సింది అది.

తెనాలి తక్కెడ:
నేననుకుంటాను. అడిగింది అడిగినట్టు చదవడం కూడా అర్థం చేసుకోవడమే. మన గొడవ ఇక్కడుంది, కీలో కాదు.

బ్రాడీపేట మాస్టారు:
కుర్రాడూ, అబ్జెక్షన్ నిలబడదు. కావాలంటే ఇది ప్రయత్నించు: 13 నాణేలతోపాటు ఖచ్చితంగా మంచిదని తెలిసిన ఒక నాణెం ఇస్తే బరువో తేలికో కూడా తేల్చొచ్చు. మొదటి తూకం 5కి 4, ఆ నాలుగింటి పక్కన మంచిది.

కొత్తపేట కుర్రాడు:
మొగ్గితే 9 అవకాశాలు, సరిపోయింది. సమానమైతే 10, 11, 12, 13 మిగిలాయి. 10, 11 ఒకవైపు, 12, మంచిది ఇంకోవైపు వేస్తే?

బ్రాడీపేట మాస్టారు:
అదే. ఎటు మొగ్గినా 10ని 11తో తూచు. మొగ్గకపోతే 13ను మంచిదానితో తూచు, ఈసారి అది కూడా త్రాసు ఎక్కుతుంది.