పారిస్ రెసిడెన్సీకి వెళ్తున్నా – ప్రింట్‌మేకర్ ఏం సర్దుకోవాలి, ఏం వదిలెయ్యాలి?

జింకురేకు (హైదరాబాద్):

అందరికీ నమస్తే. స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని, మిగతా టైమంతా ఎచింగ్ (లోహపు ప్లేటు మీద గీతల్ని యాసిడ్‌తో కొరికించి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీయడం). పారిస్‌లో సితే ఇంటర్నేషనల్ దేజార్ అనే చోట, ఆర్టిస్టులు కొన్నాళ్లు ఉండి పని చేసుకునే రెసిడెన్సీలో, స్టూడియో వచ్చింది. అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా. ఉండటానికి, నెల ఖర్చుకి ఒక సంస్థ ఇస్తోంది, టికెట్టు నాదే. దేశం దాటడం ఇదే మొదటిసారి. ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు.

జింకు ప్లేట్లు, ఇంకులు, కాగితం అన్నీ ఇక్కణ్ణుంచే మోసుకెళ్లాలా? అక్కడ అచ్చు తీసే ప్రెస్సు దొరుకుతుందా? వీసా, తిండి సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి. మా ఆవిడ అప్పుడే పచ్చళ్ల లిస్టు రాసేసింది, నాకేమో టెన్షన్ మొదలైంది.

బీచ్‌రోడ్డు (విశాఖ):

శుభం తమ్ముడూ. నేనూ ఎచింగ్ మనిషినే, ఒక చలికాలం అక్కడే గడిపాను. సామాను సంగతి తర్వాత, ముందు ప్రెస్సు సంగతి తేల్చుకో.

నీకిచ్చేది ఉండటానికీ పని చేసుకోవడానికీ కలిపి ఒకటే స్టూడియో. వంట, బాత్రూమ్ అందులోనే. ప్రెస్సు మాత్రం అందులో ఉండదు. ఎన్‌గ్రేవింగ్‌కి, సిల్క్‌స్క్రీన్‌కి ఉమ్మడి వర్క్‌షాపులున్నాయి. సెరామిక్ వాళ్లకి బట్టీ ఉంది. మొత్తం మూడొందల పైచిలుకు స్టూడియోలు. మరి ఆ ప్రెస్సు కోసం ఎంతమంది కాచుక్కూర్చుంటారో నువ్వే ఊహించుకో. వెళ్లాక చూద్దాంలే అనుకోకు, ఇవాళే మెయిల్ పెట్టు. వర్క్‌షాపులో చోటు ముందే రాయించుకోవాలా, ప్రెస్సు బెడ్ (ప్లేటు పెట్టే బల్ల) సైజెంత, ఏ యాసిడ్ వాడనిస్తారు, ఇవి అడుగు. ఆ జవాబు వచ్చేదాకా ఒక్క ప్లేటు కూడా కోయొద్దు.

యాసిడ్ ఎందుకు అడగమన్నానంటే, మనం జింకు మీద నైట్రిక్ పోసి, బుడగలు చూసి లోతు అంచనా వేయడానికి అలవాటుపడ్డాం. ఇప్పుడు చాలా వర్క్‌షాపుల్లో ఆ పొగ పడదు. రాగి ప్లేటు, ఫెర్రిక్ క్లోరైడ్ అంటారు. ఫెర్రిక్‌లో బుడగలు రావు. కరిగిన మడ్డి గీతలోనే కూర్చుని కొరుకుడుని ఆపేస్తుంది. అందుకని ప్లేటుని నిలువుగానో, బోర్లానో ముంచుతారు. గోధుమరంగు ద్రవంలో లోపల ఏం జరుగుతోందో కనపడదు, గడియారమే దిక్కు. నీకు అలవాటు లేకపోతే హైదరాబాద్‌లోనే చిన్న రాగి ముక్క మీద ఒక టెస్టు స్ట్రిప్ (ఎంతసేపు ముంచితే ఎంత లోతు వస్తుందో చూసే నమూనా) చేసుకుని వెళ్లు. వెళ్లేముందు చేయదగ్గ పనుల్లో ఇంతకన్నా పనికొచ్చేది నాకు తోచడం లేదు.

ఇంకో మాట. తెలుగు ప్రింట్‌మేకర్‌వి, పారిస్ వెళ్తూ కృష్ణారెడ్డిగారి జాడ చూడకుండా వస్తే బాగోదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్ మీదుగా పారిస్ చేరి, హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన అతెలియే 17 వర్క్‌షాపులో పనిచేసి, దానికి కో-డైరెక్టర్ అయ్యారాయన. ఒకే ప్లేటుతో, ఒక్క విడతలో అన్ని రంగులూ తీసే పద్ధతి అక్కడే గట్టిపడింది. నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకుని గట్టి రోలరుతో పై మట్టం మీద పూస్తారు. తర్వాత చిక్కటి ఇంకుని మెత్తటి రోలరుతో తిప్పితే అది లోతుల్లోకి దిగుతుంది గానీ, నూనె ఉన్నచోట అంటుకోదు. 1988లో హేటర్ పోయాక ఆ వర్క్‌షాపు అతెలియే కాంత్రపోయాన్ అన్న పేరుతో కొనసాగింది. 14వ డిస్ట్రిక్టులో దాని అడ్రసు. చూడటానికి వస్తానని ముందే మెయిల్ రాయి. ఊరికే వెళ్లి తలుపు కొట్టకు, అక్కడ ఆ పద్ధతి నచ్చదు.

మిగతాది గబగబా చెప్పేస్తాను. కాగితం మోయొద్దు, ఆర్ష్ కాగితం వాళ్ల దేశానిదే. ఎచింగ్ ఇంకూ అంతే, షార్‌బొనెల్ వాళ్లు 1862 నుంచీ ఉన్నారు. కే వోల్తేర్‌లో సెనెలియే షాపు ఉంది, 1887 నాటిది, చెక్క సొరుగుల వాసనకైనా ఒకసారి వెళ్లాలి. ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి, రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మొదటి వారమే మానెయ్. టర్పెంటైన్, యాసిడ్ విమానంలో ఎక్కనివ్వరు. బురిన్, స్క్రేపర్, బర్నిషర్ (ప్లేటుని చెక్కే, గీకే, నున్నగా చేసే పనిముట్లు) మాత్రం నీ చేతికి అలవాటైనవే తీసుకెళ్లు. చెకిన్ సూట్‌కేసులో పెట్టు, హ్యాండ్‌బ్యాగులో కాదు.

బుధవారం సాయంత్రాలు స్టూడియోలు తెరిచి పెడతారు, బయటి జనం వస్తారు. పని పూర్తి కాలేదని తలుపేసుకునేవాళ్లు చాలామంది. నువ్వు ఆ బాపతు కాకు. ఫస్ట్ స్టేట్ ప్రూఫులు (ప్లేటు పని పూర్తికాకముందు తీసిన మొదటి అచ్చులు) గోడకి గుచ్చి పెట్టు చాలు. నా పక్క స్టూడియోలో ఒక కొరియా అమ్మాయి తడి ప్రూఫులు బట్టలారేసే తాడుకి క్లిప్పులతో వేలాడదీసి ఊరుకుంది. ఆ సాయంత్రం జనమంతా అక్కడే.

లాషపెల్_బస్తీ (పారిస్ శివార్లు):

నేను ఆర్టిస్టుని కాదండీ, సాఫ్ట్‌వేర్. కానీ వీసా దగ్గర ఆగి మాట్లాడాలి. అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 అంటే 92 రోజులు. షెంగెన్ (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడి) షార్ట్ స్టే వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు, దిగిన రోజూ బయల్దేరిన రోజూ రెండూ లెక్కే. ఇప్పుడు సరిహద్దులో వేలిముద్ర, ఫొటో తీసుకుని కంప్యూటరే రోజులు లెక్కపెడుతోంది. రెండు రోజులకి ఎవరూ పట్టించుకోరులే అనే రోజులు పోయాయి. సంస్థని అడిగి, ఆహ్వాన పత్రంలోనే తేదీలు అక్టోబర్ 5 నుంచి వేయించుకోండి. లేదంటే లాంగ్ స్టేకి అప్లై చేయాలి, దానికి ప్రయాణానికి మూడు నెలల లోపే తీసుకుంటారు. షార్ట్ స్టేకి ఆరు నెలల ముందు నుంచే ఇవ్వచ్చు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు.

విమానాశ్రయం నుంచి ఆర్ఇఆర్ బి రైల్లో షాత్లే వచ్చి, మెట్రో 7వ లైను మారితే ఒక్క స్టేషన్, పోన్ మరీ. దిగితే మీ బిల్డింగు పక్కనే. చెప్పడానికి బాగుంటుంది గానీ షాత్లే సొరంగాల్లో పెద్ద సూట్‌కేసుతో ఆ మెట్లు, ఆ నడక చాలా కష్టం. మొదటి రోజుకి టాక్సీ ఎక్కండి. షార్ల్ ద గోల్ నుంచి సెన్ కుడి ఒడ్డుకి రేటు ఫిక్స్, 2025లో 56 యూరోలు. మీరుండేది కుడి ఒడ్డే. క్యూలో నిలబడి ఎక్కండి, లోపలే వచ్చి ‘టాక్సీ టాక్సీ’ అనేవాళ్ల వెంట వెళ్లొద్దు.

మెట్రోకి నవిగో కార్డు తీసుకోండి. వారం పాసు సోమవారం నుంచి ఆదివారం దాకానే. శుక్రవారం దిగి ఆ వారానికి కొందామంటే దొరకదు, విడి టిక్కెట్లే (2025లో 2.50 యూరోలు). నిజం చెప్పాలంటే మీ చోటు నుంచి సగం ఊరు నడకే.

తిండికి బెంగలేదు. గార్ దు నోర్ వెనకాల లా షపెల్ దగ్గర శ్రీలంక తమిళుల షాపులు వరసగా ఉంటాయి. కందిపప్పు, చింతపండు, కరివేపాకు, ఇడ్లీ పిండి అన్నీ దొరుకుతాయి. మీ ఇంటావిడ గారి లిస్టులో ఆవకాయ ఉంచండి, నెయ్యి, పాలకోవా కొట్టేయండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. రైస్ కుక్కర్ తెస్తే దాని మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి. ఫోన్ చార్జరు రెండు పిన్నులదైతే పడుతుంది.

భాష సంగతి: షాపులోకి అడుగుపెట్టగానే ‘బోంజూర్’ అనాలి, ఆ తర్వాతే ఏదైనా. అది అనకుండా నేరుగా ధర అడిగితే మొహం మాడ్చుకుంటారు. అంతకు మించి ఫ్రెంచ్ లేకపోయినా మూడు నెలలు గడిచిపోతాయి.

జింకురేకు:

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. 92 రోజుల సంగతి నాకస్సలు తట్టలేదు, సంస్థకి మెయిల్ పెట్టేశాను. ఇంకో రెండు డౌట్లు. మ్యూజియాలకి ఎంత ఖర్చు అనుకోవాలి? తిరిగొచ్చేటప్పుడు ప్రింట్లు కస్టమ్స్‌లో ఇబ్బంది అవుతాయా?

బీచ్‌రోడ్డు:

మ్యూజియాలకి డబ్బు పెద్దగా పక్కన పెట్టకు. నగరపాలక సంస్థ మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శన ఉచితం. పెతి పలే, కార్నవాలే అలాంటివే. కార్నవాలే నీకు నడిచే దూరం. పెతి పలే వాళ్ల దగ్గర రెంబ్రాంట్ ఎచింగుల మంచి సంపద ఉంది, ఎప్పుడు బయట పెడతారో చూసుకుని వెళ్లు. నెలలో మొదటి ఆదివారం ఓర్సే, గీమే మ్యూజియాలు కూడా ఉచితం. గీమేలో మన అమరావతి శిల్పాలున్నాయి. ఓర్సేలో ఆ రోజు జనం తోసుకుంటారు, నా మాట విని గీమేకే వెళ్లు. పాంపిడూ మ్యూజియం 2025లో రిపేర్లకి మూసేశారు, అది లెక్కలోంచి తీసెయ్.

డిసెంబర్‌లో పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, అయిదు కాకముందే చీకటి. రంగులు కలిపే పని మధ్యాహ్నంలోపు పెట్టుకో, ప్లేటు పాలిష్ లాంటివి రాత్రికి ఉంచుకో.

ప్రింట్లకి ఫ్రేములు కట్టించకు. మధ్యలో గ్లాసీన్ కాగితం (నున్నటి పల్చటి కాగితం) వేసి, రెండు గట్టి అట్టల నడుమ బిగించి తెచ్చుకో. ‘ఈ పనులు రెసిడెన్సీలో చేసినవి, అమ్మకానికి కాదు’ అని సైజులతో సహా ఒక జాబితా సంస్థ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టించుకో. ఎవరైనా ఆపితే మాటలకన్నా ఆ కాగితం నయం. రోలరు లాంటి ఖరీదైనది కొంటే, ఒకే షాపులో 100 యూరోలు దాటితే పన్ను వాపసుకి ఫారం అడుగు. పాస్‌పోర్టు చూపించాలి. విమానాశ్రయంలో సూట్‌కేసు అప్పగించకముందే పాబ్లో అనే మెషీన్ దగ్గర ఆ ఫారం స్కాన్ చెయ్యాలి. చెకిన్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు, వస్తువు చూపించమని అడిగే హక్కు వాళ్లకుంది.