పోలీసు దర్యాప్తు లోపాలపై నష్టపరిహారం: దావా వేయాలా, రాజీ పడాలా?

ప్రశ్న: కృష్ణాతీరం
మూడేళ్ల కిందట మా ఊరి నగల దుకాణంలో జరిగిన దొంగతనం కేసులో మా అన్నయ్యను అరెస్టు చేసి 41 రోజులు రిమాండులో ఉంచారు. ఆ రాత్రి తాను వేరే ఊళ్లో పెళ్లికి వెళ్లానని ఆర్టీసీ బస్సు టికెట్టు చూపించి చెప్పినా దర్యాప్తు అధికారి దాన్ని పట్టించుకోలేదు. దుకాణం ఎదుటి సీసీ కెమెరా దృశ్యాల కోసం పదిహేను రోజుల తరువాత వెళ్లేసరికి అవి చెరిగిపోయాయి. ఏడు నెలల కిందట కోర్టు కేసు కొట్టివేసింది. పంచనామాపై (సాక్షుల ఎదుట పోలీసులు రాసే నివేదికపై) సంతకం చేసిన ఇద్దరూ స్టేషను ఎదుటి టీ కొట్టులో పనిచేసేవారేనని, అందులో ఏముందో చదవలేదని తీర్పులోనే ఉంది. నష్టపరిహారానికి దావా వేద్దామనుకుంటుండగా ఒక పెద్దమనిషి వచ్చి, రెండు లక్షలు ఇప్పిస్తాను, కాగితం మీద సంతకం పెట్టి ఊరుకోండి అంటున్నారు. అమ్మ ఒప్పుకోమంటోంది, అన్నయ్య ససేమిరా అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బార్ గది బల్ల
రాజీ తప్పేమీ కాదు గాని, మీరు చెప్పినది రాజీ కాదు. పోలీస్ స్టేషనుకు ప్రత్యేకంగా న్యాయపరమైన ఉనికి లేదు కనుక దావా రాష్ట్ర ప్రభుత్వంపైనే వేయాలి, అవసరమైతే ఆ అధికారిని కూడా ప్రతివాదిగా చేర్చాలి. ప్రభుత్వం తరఫున అధికారం ఉన్నవారు సంతకం చేయని కాగితం రేపు ఎవరినీ కట్టిపడేయదు, మీ అన్నయ్య సంతకం మాత్రం ఆయన మెడకే చుట్టుకుంటుంది.

అంతకంటే ముఖ్యం గడువు. అక్రమ నిర్బంధానికి పరిహారం కోరే దావాను నిర్బంధం ముగిసిన ఏడాదిలోగా వేయాలి. అది మీకు దాటిపోయినట్టే. దురుద్దేశంతో కేసు నడిపారన్న దావాకు మాత్రం నిర్దోషిగా విడుదలైన నాటి నుంచి ఏడాది ఉంటుంది, అంటే ఇంకా ఐదు నెలలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలలను గడువు లెక్క నుంచి మినహాయిస్తారు గాని, దాన్ని నమ్ముకుని చివరి వారం దాకా ఆగకండి. నోటీసును జిల్లా కలెక్టరుకు పంపవచ్చు. పెద్దమనుషుల మాటలు సాగదీస్తే ఈ ఏడాది ఇట్టే కరిగిపోతుంది. ఒక్కోసారి రాయబారం ఉద్దేశమే అది.

ఒక హెచ్చరిక: కేసు కొట్టివేశారన్నంత మాత్రాన పరిహారం రాదు. సహేతుకమైన కారణం లేకుండా, దురుద్దేశంతో కేసు నడిపారని మీరే రుజువు చేయాలి. కెనడా సుప్రీంకోర్టు 2007లో దర్యాప్తులో నిర్లక్ష్యాన్నే దావాకు ఆధారంగా అంగీకరించింది. మన దగ్గర దారి అంత సూటిగా లేదు. అయినా మూసుకుపోనూ లేదు. 1977 మే నెలలో కోయిలకుంట్ల సబ్ జైలులో బాంబులు వేసి ఒక ఖైదీని చంపితే, అతని కుమారుడు వేసిన దావాలో హైకోర్టు 1,44,000 రూపాయలు మంజూరు చేసింది. సార్వభౌమాధికారం పేరు చెప్పి, అంటే పాలనాధికారంతో చేసిన పనులకు తనపై దావా చెల్లదంటూ, ప్రభుత్వం తప్పించుకోవాలని చూసినా 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇరవై మూడేళ్లు పట్టిందన్నది కూడా గుర్తుంచుకోండి. మీ అమ్మగారి భయం ఉత్తిది కాదు.

జవాబు: పాత ఫైళ్లు
రాజీ ఎలా ఉండాలో తెలియాలంటే ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ వ్యవహారం చూడండి. 1994లో గూఢచర్యం కేసులో కేరళ పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. ఆరోపణల్లో నిజం లేదని 1996లోనే సీబీఐ తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇమ్మంటూనే, ఆయన సివిల్ దావాకు ఇది అడ్డు కాదని స్పష్టం చేసింది. నాకు ఆ తీర్పులో అన్నిటికంటే విలువైనదిగా తోచినది ఆ మాటే. తిరువనంతపురం కోర్టులో ఉన్న ఆ దావాను పరిష్కరించుకునేందుకు, మాజీ ప్రధాన కార్యదర్శి ఒకరు సిఫారసు చేసిన మేరకు, 2020లో కేరళ ప్రభుత్వం మరో కోటీ 30 లక్షలు చెల్లించింది. అదంతా మంత్రివర్గం ఆమోదంతో, కోర్టు రికార్డుకెక్కి జరిగింది. బాధ్యులైన అధికారులపై ఏం చర్య తీసుకోవాలన్నది తేల్చేందుకు సుప్రీంకోర్టు జస్టిస్ డి.కె. జైన్ అధ్యక్షతన వేరుగా కమిటీ వేసింది. డబ్బు ముట్టినంత మాత్రాన ఆ ప్రశ్న మూతపడలేదు.

మన హైదరాబాదులో దీనికి విరుద్ధం జరిగింది. 2007 మక్కా మసీదు పేలుడు కేసులో అన్యాయంగా నిర్బంధించిన యువకులకు అప్పటి ప్రభుత్వం పరిహారం ప్రకటిస్తే, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కోర్టు ముద్ర లేని సొమ్ము అలా గాలిలో దీపమే.

జవాబు: బార్ గది బల్ల
కాబట్టి రాజీకి మొగ్గు ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కుదుర్చుకోవచ్చు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అందుకే అంకె ఖరారు చేసే ముందు రిమాండులో పోయిన జీతం, వకీలు ఫీజు, జామీనుకు పెట్టిన ఖర్చు రశీదులతో సహా లెక్క కట్టండి. "ఇకపై ఎవరిపైనా ఎలాంటి ఫిర్యాదూ చేయను" అన్న వాక్యం కనిపిస్తే, పరిహారం వరకే పరిమితం చేయమని అడగండి. శాఖాపరమైన విచారణ కోరే హక్కు వదులుకోనక్కర్లేదు.

కృష్ణాతీరం
ఇద్దరికీ కృతజ్ఞతలు. పెద్దమనిషికి వద్దని చెప్పేశాం. నోటీసు ఈ వారమే పంపుతున్నాం. బస్సు టికెట్టు మీది అక్షరాలు ఇప్పటికే వెలిసిపోయి తేదీ మాత్రమే లీలగా కనిపిస్తోంది.

బార్ గది బల్ల
విచారణలో ఆ టికెట్టును మీ వైపు ఎగ్జిబిటుగా (కోర్టు రికార్డుకెక్కిన సాక్ష్యంగా) గుర్తించి ఉంటే తీర్పు చివరి పట్టికలో నంబరు ఉంటుంది. దానికీ తీర్పుకూ ధ్రువీకృత నకళ్ల కోసం రేపే కాపీ దరఖాస్తు వేయండి.